మా జిల్లాకో మోడం శాఖ కావాలి

వాన రాకడ, ప్రాణం పోకడ ఎవరికీ తెలియవని సామెత. ఈ మాట పుట్టించినాయన కోనసీమలో ఏ కొబ్బరిచెట్టు కిందో కూర్చుని ఉండాలి. అక్కడ వాన చెప్పాపెట్టకుండా వచ్చిపోతుంది కాబట్టి దాని గురించి ఎవరూ పెద్దగా ఆలోచించరు. ఆయన అనంతపురం వచ్చి ఉంటే, వాన రాకడ తెలియని మనిషిని ఒక్కణ్ణి కూడా మేం చూపించలేకపోయేవాళ్ళం. టీ అంగడాయనకు తెలుసు, ఆటో అన్నకు తెలుసు, మోకాళ్ళ నొప్పులున్న ప్రతి అవ్వకూ తెలుసు. కబురు అందనిది ఒక్క వానకే.

దీనికి శాస్త్రీయ కారణం లేకపోలేదు. మాది ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడే నేల. నైరుతి రుతుపవనం పడమటి కనుమలు ఎక్కేటప్పుడే సరుకంతా ఆగుంబె వైపు దించేసి, ఖాళీ బండితో కర్ణాటక దాటి మా దగ్గరికొస్తుంది. ఈశాన్య రుతుపవనం నెల్లూరు తీరంలో మర్యాదలన్నీ అందుకున్నాక, ఓపిక మిగిలితే ఇటు తొంగిచూస్తుంది. గాలికి మాత్రం ఏ లోటూ లేదు. ఆషాఢంలో రామగిరి గుట్టల మీద గాలిమరలు గిరగిర తిరుగుతుంటే, కింద చేలల్లో దుక్కి దున్నుకున్న రైతు టోపీ ఎగిరిపోకుండా పట్టుకుని ఆకాశం చూస్తుంటాడు. వాన ఇంత తక్కువైన చోట వాన మీద పాండిత్యం పెరగక ఏం చేస్తుంది?

మోడం, అంటే మబ్బు, పట్టగానే మావాళ్ళు ముందు పైకి చూడరు, పక్కనున్న వాణ్ణి చూస్తారు.

"ఏమప్పా, పడుతుందంటావా?"

"ఈశాన్యం మూల మెరుస్తా ఉంది. రాత్రికి దంచుతుంది సూడు."

ఏ రాత్రికి అని అడగకూడదు. అది మర్యాద కాదు.

పెద్దలు ఇంకా జాగ్రత్తపరులు. చంద్రుడి చుట్టూ వరదగుడి (వెలుగు వలయం) దగ్గరగా కడితే వాన దూరమట, దూరంగా కడితే వాన దగ్గరట. ఎటు చూసినా గుడి ఉంది, ఎక్కడో ఒకచోట వానా ఉంది, చెప్పినాయన పరువూ ఉంది. 1875లో పుట్టిన మన వాతావరణ శాఖ కూడా ఇదే బడిలో చదివినట్టుంది. "ఒకటి రెండు చోట్ల తేలికపాటి జల్లులు పడే అవకాశం" అని చెబుతుంది. ఆ ఒకటి రెండు చోట్లు ఎక్కడున్నాయో మా జిల్లాలో ప్రతి ఊరికీ తెలుసు. పక్క మండలంలో.

ఇక్కడే మట్టి వాసన సంగతి చెప్పాలి. చాలామంది దీన్ని కవిత్వం అనుకుంటారు కానీ అసలైన సాక్ష్యం ఇదే. మట్టిలో ఉండే స్ట్రెప్టోమైసిస్ అనే సూక్ష్మజీవులు జియోస్మిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తాయి. ఎండిన నేల మీద చినుకు పడగానే అది గాల్లోకి లేస్తుంది. లక్ష కోట్ల పాళ్ళ గాలిలో నాలుగైదు పాళ్ళున్నా మనిషి ముక్కు పట్టేస్తుంది. ఉరుముల మబ్బులోంచి కిందికి దిగే చల్లగాలి ఆ వాసనను వానకన్నా ముందు మోసుకొస్తుంది. అర్థమైంది కదా? వాసన వచ్చిందంటే వాన పడినట్టే, పక్కూళ్ళో. మా ముక్కు ఏనాడూ అబద్ధం చెప్పలేదు. అది చెప్పేది "వాన వస్తోంది" అని కాదు, "వచ్చింది, మీకు కాదు" అని. ధర్మవరం వాళ్ళు బత్తలపల్లి వాన వాసన పీలుస్తారు. బత్తలపల్లి వాళ్ళు తాడిమర్రిలో దంచి కొట్టిందని కుళ్ళుకుంటారు. తాడిమర్రి వాళ్ళేమో ధర్మవరం అదృష్టాన్ని తలుచుకుని తలుపులేసుకుంటారు. మూడు చోట్లా నేల మాత్రం పొడిపొడిగానే ఉంటుంది.

జంతుజాలం సంగతి క్లుప్తంగా. చీమలు గుడ్లు మోసుకుని గోడెక్కితే వానట, పిచుకలు దుమ్ములో స్నానం చేస్తే వానట, తూనీగలు కిందుగా ఎగిరితే వానట. దుమ్ముకు కొరత లేని ఊళ్ళో పిచుకలు ఇంకెందులో స్నానం చేయాలో ఎవరూ ఆలోచించరు. వీటన్నిటిలో నాకు గౌరవం ఉన్నది ఉసుళ్ళ మీదే. అవి వాన పడి నేల మెత్తబడ్డాక బయటికొచ్చి, వాన పడిందని ప్రకటిస్తాయి. ఇంతవరకూ ఒక్కసారీ తప్పలేదు.

పొరుగున కర్నూలు జిల్లాలో పద్ధతి వేరు. తుగ్గలి మండలం జొన్నగిరి చుట్టుపక్కల తొలకరి పడితే ఎర్రనేలలో వజ్రాలు పైకి తేలతాయని నమ్మకం. అప్పుడప్పుడూ దొరుకుతాయి కూడా. జూన్ వచ్చేసరికి ఎక్కడెక్కడి జనమో సద్దిమూటలతో దిగి, తలలు వంచుకుని చేలల్లో తిరుగుతుంటారు. రాష్ట్రం మొత్తం మీద వాన కోసం కిందికి చూసేవాళ్ళు వీళ్ళే. విత్తనం వేసుకోవాల్సిన రైతు కట్టె పట్టుకుని వీళ్ళను తరుముతుంటాడు. వజ్రమైనా దొరుకుతుందేమో గానీ శనక్కాయకు సరైన ధర దొరకదని తెలిసి, ఆయన కూడా సాయంత్రం ఒక చూపు చూసుకునే ఇంటికి పోతాడని నా అనుమానం. ఆ పక్కనే ఎర్రగుడి బండల మీద అశోకుడి శాసనాలున్నాయి. దారుల వెంట బావులు తవ్వించానని ఆయన వాటిలో రాయించుకున్నాడు. అంత చక్రవర్తీ మోడాన్ని నమ్ముకోలేదన్నమాట.

ఇక ప్రభుత్వాలు ఊరికే కూర్చున్నాయనడం అన్యాయం. మేఘమథనం పేరుతో విమానాలతో మబ్బుల్లో మందు చల్లించాయి. 2016లో ఎండుతున్న శనక్కాయ పంటకు రెయిన్ గన్‌లు తెచ్చారు. గొప్ప యంత్రం అది. వాన కురిసినట్టే చిమ్ముతుంది. కాకపోతే ఆ తుపాకీలోకి నీళ్ళు ముందే ఎక్కడో కుంటలో ఉండాలి, కుంటలో నీళ్ళుండాలంటే ముందే వాన పడి ఉండాలి. ఇంత చిన్న లోపాన్ని పట్టుకుని విమర్శించడం నాకిష్టం లేదు.

అసలు అద్భుతం లెక్కల్లో ఉంది. ఒక రోజు 2.5 మిల్లీమీటర్లు పడితేనే అది వాన పడిన రోజు. 2.4 పడితే మీరు తడిసినా తడవనట్టే. సగటుకు 19 శాతం అటూ ఇటూగా ఉంటే ఆ నెల వర్షపాతం "సాధారణం". ఇరవై తొమ్మిది రోజులు ఎండకాసి, ముప్పయ్యో రాత్రి కుంభవృష్టి కురిసి, మొలకలను మట్టితో సహా వంకలోకి ఊడ్చుకుపోయినా నెల సాధారణమే. ఆ మాట కాగితం మీద వచ్చాక కరువు అనడానికి ఎవరికీ నోరు రాదు. వర్షమాపకం ఉండేది మండల కేంద్రంలో, చేను ఉండేది ఊరవతల. వాటి మధ్య ఎంత వాన పడిందో కొలవడానికి ఇంకా ఏ పరికరమూ రాలేదు. రైతుకు వీటిలో ఒక్కటీ అక్కర్లేదు. ఆయనకు కావలసింది గొర్రు దిగేంత పదును, అంటే నేలలో తడి, అదీ అదనులో. అది ఏ పట్టికలోనూ లేదు.

పదును దొరక్క ఆరుద్ర పోయి, పునర్వసు పోయి, సెప్టెంబరులో ఉత్తర కార్తె దాకా వస్తే పాత మాట ఒకటుంది: ఉత్తర చూసి ఎత్తర గంప. మా తాతలు గంప ఎత్తుకునేవాళ్ళు. ఇప్పుడు బెంగళూరు బస్సులో ఆ గంప పెట్టుకోవడానికి కండక్టరు లగేజీ టికెట్ కొడతాడు. ఎలాగోలా పంట చేతికొచ్చిందే అనుకోండి, చెట్లు పెరికి చేలో ఆరేసిన రోజు ఏ శకునమూ లేకుండా, చీమకు కూడా చెప్పకుండా వాన వస్తుంది. ఈ వాన రాకడను పసిగట్టిన మోకాలు ఇంతవరకూ లేదు.

అందుకని ప్రభుత్వానికి నా వినతి ఒక్కటే. ఇంత పరిజ్ఞానం కట్టల మీదా, అంగళ్ళ ముందూ ఉచితంగా వృథా అవుతోంది. జిల్లాకో మోడం శాఖ పెట్టి, మండలానికో అధికారిని వేయండి. అర్హత: కనీసం ఒక నొప్పి మోకాలు, పక్కూరి దాకా పనిచేసే ముక్కు. అంచనా తప్పితే సంజాయిషీ అడగకూడదు, ఆ మాటకొస్తే ఇప్పుడు మాత్రం ఎవరినడుగుతున్నారు? ఇంటర్వ్యూలు జూలైలో ఆరుబయటే పెట్టుకోవచ్చు. షామియానా మాత్రం వేయించండి, ఎండ గట్టిగా ఉంటుంది.