మే నెలలో చలిమంట: ఒక సమర్థన

మా అబ్బాయి స్కూలు నుంచి సమ్మర్ క్యాంపు కరపత్రం వచ్చింది. నిబంధనలు పదకొండు. మొదటి మూడూ ఫీజు గురించి. నాలుగోది చదివి, కళ్లద్దాలు తుడుచుకుని మళ్లీ చదివాను. "గత సంవత్సరం క్యాంప్‌ఫైర్‌లో పాల్గొన్న విద్యార్థులు తమకు ఇచ్చిన బూడిదను తప్పక వెంట తీసుకురావలెను. లేనివారు ఆఫీసు కౌంటర్‌లో 50 రూపాయలు చెల్లించి పొందగలరు."

ఆ బూడిద ఇప్పుడు మా ఇంట్లో లేదు. అదేమైందో తర్వాత చెబుతాను. ముందు ఈ క్యాంప్‌ఫైర్ అనే సత్సంప్రదాయాన్ని ఎగతాళి చేసేవాళ్లకు జవాబు చెప్పాలి. కర్నూల్లో పగలు 43 డిగ్రీలు కాసిన రోజున, ఇంకా గోడలు సెగలు కక్కుతుండగానే, పిల్లల్ని గుండ్రంగా కూర్చోబెట్టి మధ్యలో మంట పెట్టడమేంటని కొందరు అడుగుతున్నారు. వాళ్లలో మా అమ్మ ముందుంది.

వాళ్ల వాదన ఒక్కటే. మంట అనేది చలికి. చలి లేనిచోట మంటెందుకు? పైకి సబబుగానే ఉంటుంది. భోగి మంట జనవరిలో వేస్తాం. కామదహనం ఫాల్గుణంలో, ఎండలు ఇంకా ముదరనప్పుడు. పీర్ల పండుగకు చావిడి ముందు గుండం తవ్వి నిప్పులు పోస్తారు. అనంతపురం జిల్లా గూగూడులో కుళ్లాయిస్వామి గుండం చూడటానికి కర్ణాటక నుంచి కూడా జనం వస్తారు. మొహర్రం ఏటా పదకొండు రోజుల చొప్పున ముందుకు జరుగుతుంది కాబట్టి ఏదో ఒక ఏడు ఎండాకాలంలోనూ పడుతుంది, అయినా గుండం ఆపరు. నా పక్షాన ఉన్న గట్టి ఆధారం ఇదొక్కటే. కాకపోతే అక్కడ నిప్పుల మీద నడిచి అవతలికి పోతారు. పక్కనే గంటన్నరసేపు కూర్చుని చప్పట్లు కొడుతూ పాటలు పాడరు.

చరిత్ర కూడా కొంచెం చూద్దాం. అమెరికాలో కనెక్టికట్ అనే చోట గన్ అనే హెడ్మాస్టరు 1861లో తన స్కూలు పిల్లల్ని సముద్రం ఒడ్డుకు నడిపించుకుపోయి గుడారాల్లో ఉంచాడు. సమ్మర్ క్యాంపులకు మూలపురుషుడు ఆయనే అంటారు. అప్పుడక్కడ అంతర్యుద్ధం నడుస్తోంది, పిల్లలకు సైనికుల్లా బతకాలని సరదా. స్కౌట్ల సంగతి ఇంకోటి. 1907 ఆగస్టులో ఇంగ్లండులోని బ్రౌన్‌సీ దీవికి బేడెన్ పావెల్ దొర ఓ ఇరవైమంది కుర్రాళ్లను తీసుకుపోయి, రాత్రిళ్లు మంట చుట్టూ కూర్చోబెట్టి కథలు చెప్పాడు. మరుసటి ఏడు రాసిన స్కౌటు పుస్తకంలో అధ్యాయాలకు క్యాంప్‌ఫైర్ కబుర్లనే పేరు పెట్టాడు. ఇదే దొర 1876లో సైన్యంలో చేరి లక్నో వచ్చాడు. మన దేశపు ఎండ ఒంటికి తెలిసినవాడు. క్యాంప్‌ఫైర్ మాత్రం వెనక్కి పోయాక, ఇంగ్లండులో, సముద్రం గాలి తగిలే దీవిలో పెట్టాడు. ఇందులో ఏదో సూచన ఉందని మా ఆవిడ అంటుంది. నాకైతే కనపడలేదు.

గుడారాలు మనకు కొత్తా అంటే, అసలే కాదు. 1953 అక్టోబరు 1న ఆంధ్ర రాష్ట్రం పుట్టి కర్నూలు రాజధాని అయితే, ఆఫీసులకు కొంపలు చాలక గుడారాలు వేశారు. ఫైళ్లు గుడారాల్లోనే, కొందరి కాపురాలూ గుడారాల్లోనే. 1956 నవంబరులో రాజధాని హైదరాబాదు పోయేదాకా మూడు ఎండాకాలాలు గడిచాయి. గుడారం మధ్యలో మంట పెట్టుకుందామని ఏ గుమాస్తాకూ తోచలేదు. దూరదృష్టి లేకపోవడం అంటే ఇదే.

ఇప్పుడు పోయినేడాది సంగతికొస్తాను.

అప్పటి కరపత్రంలో "చలి నుండి రక్షణకై స్వెట్టరు లేదా దుప్పటి" అని ఉండింది. ఏ ఊటీ క్యాంపు కాగితం నుంచో దించుకున్నారని మా ఆవిడ అనుమానం. అలా అనకూడదు. స్కౌట్లు కప్పుకునే క్యాంప్‌ఫైర్ దుప్పటి అని ఒకటి ఉంటుంది. పోయిన క్యాంపులన్నిటి బ్యాడ్జీలూ దాని మీద కుట్టుకుని, భుజాల మీదుగా వేసుకుని కూర్చుంటారు. చూడటానికి గొప్పగా ఉంటుంది. మన గొర్రెల కాపర్లు కూడా కంబళి వేసుకునే తిరుగుతారు కదా, వాళ్లకు బ్యాడ్జీలు ఎవరూ కుట్టివ్వలేదు, అంతే తేడా.

సరే, స్వెట్టరు కోసం బయల్దేరాను. చలికాలంలో రోడ్డు పక్కన రంగురంగుల స్వెట్టర్లు వేలాడేసి అమ్మేవాళ్లు సంక్రాంతి దాటాక కనపడరు. వన్‌టౌన్‌లో మూడు షాపులు తిరిగాను. నాలుగో షాపాయన ఫ్యాను కింద బనీనుతో కూర్చుని, దినపత్రికతో విసురుకుంటున్నాడు.

"స్వెట్టరా? యాడికి పోతాండరు సామీ, ఊటీకా?"

"లేదు. స్కూలుకి."

"ఏసీ స్కూలా?"

"కాదు. మంట పెడతారంట."

ఆయన పత్రిక పక్కన పెట్టి కాసేపు నన్నే చూశాడు. తర్వాత లోపలికి తిరిగి, "రేయ్, అన్నకు ముందు మంచినీళ్లియ్యి" అన్నాడు.

చివరికి అటక మీది ట్రంకుపెట్టెలోంచి పాత స్వెట్టరు దింపాం. కలరా ఉండల వాసన. మా వాడు వేసుకుని అద్దం ముందు రెండు నిమిషాలు నిలబడ్డాడు, ముక్కు మీద చెమట బొట్టు కట్టింది. మా అమ్మ చూసి, "బిడ్డకు జరమా?" అని నుదురు పట్టి చూసింది.

ప్రభుత్వ నిబంధనలు ఉల్లంఘించారనడానికి కూడా వీల్లేదు. ఎండ ముదిరిన వేళ బయటికి రావద్దని ఫోనుకు మెసేజీ వస్తుంది. మంట రాత్రి ఏడున్నరకు. ఏప్రిల్ 14 నుంచి 20 దాకా దేశమంతా అగ్నిమాపక వారోత్సవాలు. 1944లో బొంబాయి రేవులో ఓడ పేలిన రోజు గుర్తుగా జరుపుతారు. అదే స్కూలు ఆవరణలో ఫైరింజన్ వాళ్లు వచ్చి మంట ఎలా ఆర్పాలో పిల్లలకు చూపించిపోయారు. మే నెలలో ఎలా పెట్టాలో స్కూలువాళ్లు చూపించారు. సిలబస్ పూర్తి చేయడమంటే అదీ.

ఆ సాయంత్రం తల్లిదండ్రులకు కూడా ప్రవేశం ఉంది, వెళ్లాను. ఫోనులో చూస్తే ఇంకా 37. గ్రౌండు మధ్యలో కట్టెలు పేర్చారు. దగ్గరికెళ్లి చూస్తే ఒక కట్టె మీద కంపాస్‌తో చెక్కిన పేరు, పక్కన బాణం గుచ్చిన గుండె. విరిగిపోయిన బెంచీలన్నమాట. నలుగురు పిల్లలు నాలుగు దిక్కుల నుంచి కాగడాలు పట్టుకుని వచ్చి ధైర్యం, స్నేహం, క్రమశిక్షణ అని తలా ఒక మాట చెప్పి అంటించాలి. నాలుగోవాడు తన మాట మర్చిపోయి, కాగడా సెగకు మొహం పక్కకు తిప్పి, "నీళ్లు" అన్నాడు. నా దృష్టిలో ఆ రాత్రి అందరికంటే నిజం చెప్పినవాడు వాడే.

క్యాంప్‌ఫైర్‌లో ముఖ్యమైనది వలయం. అందరూ సమానం, ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనక కాదు. మొదలైనప్పుడు వలయం మంటకు ఆరడుగుల దూరంలో ఉంది. మొదటి పాట అయ్యేసరికి పదిహేను. కూర్చున్నవాళ్లు కూర్చున్నట్టే ఉన్నారు, కానీ ప్రతి చరణానికీ అందరూ ఒక జానెడు వెనక్కి జరుగుతున్నారు. మూడో పాటకు తూర్పు వైపు పిల్లల వీపులు ప్రహరీగోడకు తగిలాయి. పడమటి పిల్లలకు వెనక నీళ్ల క్యాను అడ్డమొచ్చింది. అక్కడ వలయం తెగి, క్యాను చుట్టూ ఇంకో వలయం కట్టింది. గ్లాసు చేతులు మారుతుంటే అందులోనూ ఎవరూ ముందు కాదు, ఎవరూ వెనక కాదు. మంట దగ్గర మిగిలింది బెంగళూరు నుంచి వచ్చిన కోచ్ సారు, ఆయన గిటారు. తీగలు వేడికి సాగి శ్రుతి తప్పుతున్నాయని ఆయన మైకులో క్షమాపణ చెప్పాడు.

తిండి గురించి క్లుప్తంగా చెబుతాను, నాకు ఇంకా బాధగానే ఉంది. అమెరికాలో గర్ల్ స్కౌట్లు మార్ష్‌మాలో అనే మెత్తటి తెల్ల మిఠాయిని పుల్లకు గుచ్చి కాల్చి, బిస్కెట్ల మధ్య చాక్లెట్‌తో కలిపి నొక్కి తింటారు. ఈ వంటకం 1927లోనే వాళ్ల పుస్తకంలో అచ్చయింది. దాని పేరుకు అర్థం "ఇంకొంచెం" అని. మన దగ్గర చాక్లెట్‌కు నిప్పు అవసరం రాలేదు. స్టోర్ రూములోనే కవరులో పాయసమైపోయింది. మార్ష్‌మాలోలో జెలటిన్ ఉంటుందని, అది పశువుల తోలూ ఎముకల నుంచి తీస్తారని ఓ తండ్రి వాట్సాప్ గ్రూపులో పెట్టడంతో దాన్నీ ఆపేశారు. బదులుగా బొరుగుల ఉండలు తెచ్చారు. పుల్లకు గుచ్చిన బొరుగుల ఉండను మంట మీద పెడితే ఏమవుతుందో ఎవరైనా ముందు ఇంట్లో చూసి ఉండాల్సింది. బెల్లం పాకం కరిగింది, ఉండ విడింది, బొరుగులు నిప్పుల్లో చిటపటమన్నాయి, పిల్లల చేతుల్లో పుల్లలు మిగిలాయి. "ఇంకొంచెం" అని ఒక్కరూ అడగలేదు.

తర్వాత దయ్యం కథ. ఈ ఘట్టం లేని క్యాంప్‌ఫైర్ లేదు. లైట్లు ఆర్పించి కోచ్ సారు గొంతు తగ్గించాడు. పెద్ద సరస్సు. ఒడ్డున చెక్క ఇల్లు. బయట మోకాలి లోతు మంచు. సరస్సులోంచి ఒక చెయ్యి పైకి లేచింది...

నీళ్ల క్యాను దగ్గర నుంచి ఒక గొంతు. "సార్, సరస్సులో నీళ్లుండాయా?"

"ఉన్నాయి. నిండా ఉన్నాయి."

"ఏ నెల సార్?"

హంద్రి ఒడ్డున పుట్టి పెరిగిన పిల్లలు వాళ్లు. ఎండాకాలంలో నిండుగా నీళ్లున్న చోట దయ్యం ఉందంటే భయం కంటే ముందు, బిందెలు పట్టుకుపోదామా అన్న ఆలోచన వస్తుంది. కోచ్ సారు కథ అక్కడే ఆగిపోయింది. ఆదోని పక్క పల్లె నుంచి వచ్చిన ఓ పిల్లవాడు లేచి కొరివిదయ్యం కథ ఎత్తుకున్నాడు. అర్ధరాత్రి, జొన్న చేలో, దూరంగా ఒక మంట దానంతటదే నడుచుకుంటూ పోతుంది. మనం ఆగితే ఆగుతుంది. మనం పేరు పెట్టి పిలిస్తే ఇటు తిరుగుతుంది. అందరూ ఊపిరి బిగపట్టారు. నేను కూడా. అప్పుడు మా వాడు, స్వెట్టరులో, చాలా నిజమైన ఆందోళనతో అడిగాడు.

"పాపం, దానికి చెమట పట్టదా?"

కార్యక్రమం ముగిసింది.

ఇక బూడిద. ఇదీ స్కౌట్ల ఆచారమే, స్కూలువాళ్లు కల్పించింది కాదు. ఒక క్యాంప్‌ఫైర్ బూడిద కొంచెం దాచుకుని తర్వాతి మంటలో చల్లుతారు. అలా ఈ మంటకూ ఎప్పటిదో, ఎక్కడిదో పాత మంటకూ చుట్టరికం కలుస్తుంది. ఆలోచన నాకు నిజంగానే నచ్చింది, ఇందులో వ్యంగ్యం లేదు. మర్నాడు పిల్లలకు చిన్న ప్లాస్టిక్ కవర్లలో కట్టి, తేదీ రాసి ఇచ్చారు.

మావాడు తెచ్చి అవ్వ చేతిలో పెట్టాడు. మా అమ్మ కళ్లకద్దుకుని వాడి నుదుట పెట్టింది, తనూ పెట్టుకుంది, "ఏ గుడిదిరా?" అని అడిగింది. విరిగిన బెంచీల బూడిద అని తెలిశాక తుడుచుకోలేదు, పెట్టుకున్నాక తుడవకూడదని. మిగిలింది తీసుకుని మిద్దె ఎక్కింది. అక్కడ సిమెంటు తొట్టిలో వంగమొక్కకు పేను పట్టి ఆకులు ముడుచుకుని ఉన్నాయి. ఆకుల మీదంతా చల్లింది.

పేను పోయింది. ఆషాఢం నుంచి కార్తీకం దాకా కాయలు కాసింది. గుత్తివంకాయ చేశాం, పులుసు చేశాం, పక్కింటికి ఇచ్చాం. ఫీజు మూడున్నర వేలు పోసి నేను పొందిన ప్రతిఫలం తూకం వేస్తే ఓ నాలుగు కిలోలు ఉంటుంది.

ఇప్పుడు ఆ బూడిద తెమ్మంటున్నారు. మా ఆవిడ 50 రూపాయలు పారేయమంటుంది. డబ్బు సంగతి కాదు. కౌంటరులో అమ్మేది ఆ మంట బూడిదేనని నమ్మకమేంటి? ఫోన్ చేసి అడిగాను. "బూడిద బూడిదే కదా సార్" అన్నాడు అవతలి అబ్బాయి. చుట్టరికాల విషయంలో ఇంత తేలిగ్గా మాట్లాడేవాడి దగ్గర నేను కొనను.

రెండు రోజులు ఇంట్లో ఇదే చర్చ. బూడిద మొక్కకు పోయింది, మొక్కది కాయలకు పోయింది, కాయలు మాకు పోయాయి. లెక్క ప్రకారం సంప్రదాయం ఇప్పుడు మా నలుగురిలోనూ, కొంత పక్కింట్లోనూ ఉంది. కరపత్రంలో ఇలాంటి కేసుకు నిబంధన లేదు.

మూడో రోజు మా అమ్మ మధ్యాహ్నం కునుకు తీసి లేచి, మంచినీళ్లు తాగి చెప్పింది. "ఆ చెట్టు ఎండిపోయి మిద్దె మీదనే ఉండాది గదప్పా. పెరికి వాని చేతికియ్యి. ఆడ మంటలో ఏస్తే మళ్లా బూడిదే అయితాది."

సాయంత్రం మిద్దె ఎక్కి పెరికాను. సులువుగానే వచ్చింది. వేళ్లకున్న మట్టి దులిపి, కొమ్మలు దగ్గరికి నొక్కి రబ్బరు బ్యాండు వేశాం. మావాడు నోటు పుస్తకాల లేబులు ఒకటి తెచ్చి పేరు, తరగతి, సెక్షన్ రాశాడు. సబ్జెక్ట్ అన్నచోట పెన్ను ఆపి కాసేపు ఆలోచించి, "బూడిద, ఇంకా కాలలేదు" అని రాసి అతికించాడు.