గ్లెండా జాక్సన్ చేసిన ఘోర తప్పిదాలు

ప్రచార వ్యానును చైతన్య రథంగా మార్చి, 1982లోనే ఒక నటుణ్ని అధికారం దారి పట్టించిన నేల మనది కనుక, బ్రిటిష్ నటి గ్లెండా జాక్సన్ రాజకీయ జీవితాన్ని తీవ్రంగా ఖండించే అర్హత మనకు పుష్కలంగా ఉంది. తాపీమేస్త్రీ కూతురిగా పుట్టి, మందుల దుకాణంలో పనిచేసి నటన నేర్చుకున్న మనిషికి వంశాభిమానులు లేకపోవడం ఆమె తప్పు కాదు. తక్కినవన్నీ స్వయంకృతాలే.

ఆమెకు రెండుసార్లు ఉత్తమ నటిగా ఆస్కార్ వస్తే, రెండుసార్లూ వేడుకకే వెళ్లలేదు. ఆ బొమ్మలను వాళ్లమ్మ తోమీ తోమీ బంగారు పూత ఊడగొట్టారట. పాలాభిషేకం తెలియని దేశంలో విగ్రహాలకు పట్టే గతి అదే.

1992లో లేబర్ పార్టీ తరఫున లండన్‌లో ఎంపీగా గెలవగానే, ఎవరూ అడగకపోయినా, నటన మానేశారు. ఇరవై మూడేళ్లపాటు ఒక్క సినిమా లేదు, నాటకం లేదు. రవాణా శాఖలో సహాయ మంత్రిగా ఉన్నప్పుడైనా డబుల్ డెక్కర్ బస్సు మీద నిలబడి చేతులూపిన దాఖలా కనబడదు. ఇరాక్ యుద్ధం విషయంలో సొంత ప్రభుత్వాన్నే వ్యతిరేకించారు. 2010లో ఆమె ఆధిక్యం కేవలం 42 ఓట్లు. ఎన్నికల ముందు ఒక్క మాస్ పాట విడుదల చేసి ఉంటే ఓట్ల లెక్కింపు కేంద్రంలో అంత ఉత్కంఠ ఉండేదా?

2013లో మాజీ ప్రధాని మార్గరెట్ థాచర్ మరణించినప్పుడు నివాళుల కోసమే కూడిన సభలో, పోయినవాళ్లంతా మంచివాళ్లేనన్న కనీస మర్యాద పాటించక, దురాశను సుగుణంగా చలామణీ చేసిన పాలన అంటూ కడిగిపారేశారు. ఎదుటి పక్షం సభ్యుడొకరు అభ్యంతరం లేవనెత్తితే, నిబంధనలకు విరుద్ధంగా ఏమీ జరగలేదని స్పీకర్ తేల్చేశారు. మైకు విరగలేదు, సభ వాయిదా పడలేదు.

అన్నిటికన్నా క్షమించరానిది 2015 నాటిది. సీటు ఖాళీ చేస్తూ దాన్ని కన్నకొడుక్కి ఇప్పించుకోలేదు; రాజకీయాల మీద పత్రికల్లో వ్యాసాలు రాసుకునే ఆయన పని ఆయనకే వదిలేశారు. మరుసటి ఏడాది, ఎనభయ్యేళ్ల వయసులో, లండన్‌లోని ఓల్డ్ విక్ రంగస్థలం మీద రాజ్యాన్ని కూతుళ్లకు పంచిపెట్టి రోడ్డున పడ్డ షేక్‌స్పియర్ లియర్ రాజుగా నటించి, వారసత్వ వ్యవస్థనే బహిరంగంగా కించపరిచారు. దీనిపై ఆ దేశంలో ఒక్క అభిమాన సంఘం కూడా ధర్నా చేయలేదు.