గుంటూరు మేయరు కుర్చీ గారికి ఒక అర్జీ

మహారాజశ్రీ గుంటూరు నగరపాలక సంస్థ మేయరు కుర్చీ గారి సముఖమునకు,

ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ క్షేమమనే నమ్ముతున్నాం. తమకు నాలుగు కాళ్లున్నా మా వీధుల్లో నడిచే పని ఎన్నడూ పడలేదు కాబట్టి మోకాళ్లు బాగానే ఉండి ఉంటాయి.

ముందుగా తమరు తీసుకున్న సెలవు గురించి మాట్లాడుకోవాలి. 2005లో ఎన్నికైన పాలకవర్గానికి 2010లో గడువు తీరింది. తమరు ఖాళీ అయ్యారు. మళ్లీ తమ మీద ఒక మనిషి కూర్చున్నది 2021 మార్చి 18న. ఈలోగా రాష్ట్రం రెండయింది, రాజధాని మన పక్కకే వచ్చింది, రోశయ్య గారి నుంచి జగన్ గారి దాకా నలుగురు ముఖ్యమంత్రులను చూశాం. బెజవాడ వాళ్లు 2014లో ఓట్లు వేసుకుని మేయరును కూర్చోబెట్టుకున్నారు. మేం మాత్రం తమ మీద దుమ్ము దులుపుతున్నారో లేదోనని బెంగపడుతూ ఉండిపోయాం.

పాలకవర్గానికి అయిదేళ్లే గడువని, అది తీరకముందే ఎన్నిక ముగించాలని రాజ్యాంగం 243-యు అధికరణం చెబుతోంది. 74వ సవరణ అమల్లోకి వచ్చింది 1993లో. ఢిల్లీలో బయల్దేరిన ఆ మాట గుంటూరు దాకా వచ్చి, మూడు వంతెనల కింద నిలిచిన వాన నీళ్లలో ఆగిపోయినట్టుంది.

కారణాలు లేకపోలేదు. 2012లో నల్లపాడు, గోరంట్ల, ఏటుకూరు, బుడంపాడు లాంటి పది ఊళ్లను నగరంలో కలిపారు. కలిపాక వార్డులు మళ్లీ గీయాలన్నారు, గీత మీద కోర్టుకెళ్లారు, కోర్టు తేలాక ఇంకేదో అన్నారు. పాపం ఆ పది ఊళ్ల సంగతి చూడండి. పంచాయతీ రద్దయింది గనక సర్పంచి లేడు, ఎన్నిక జరగలేదు గనక కార్పొరేటరూ లేడు. వీధి దీపం మాడిపోతే ఎవరి ఇంటి ముందు నిలబడి అరవాలో తెలియని జనాన్ని తొమ్మిదేళ్లు అలాగే ఉంచగలగడం చిన్న పని కాదు. పన్ను నోటీసు మాత్రం దారి తప్పకుండా వచ్చేది.

ఆ రోజుల్లో తమ పని ప్రభుత్వం వేసిన స్పెషల్ ఆఫీసరు గారు చూసుకున్నారు. నిజం చెప్పొద్దూ, అంత ప్రశాంతమైన కౌన్సిల్ దేశంలో ఎక్కడా ఉండదు. అధికారులు రాసిన ఫైలును అధికారి గారే చదివి, అధికారి గారే బలపరిచి, అధికారి గారే ఏకగ్రీవంగా ఆమోదించేవారు. వాకౌట్ లేదు, పోడియం ముట్టడి లేదు, ముందు చెప్పకుండా టేబుల్ అజెండా ఎందుకు పెట్టారని గొడవ లేదు. కౌన్సిల్ హాల్లో మైకులకు ఎంత విశ్రాంతి!

ఊరికి మాత్రం అంత విశ్రాంతి దొరకలేదు. భూగర్భ డ్రైనేజీకి కేంద్రం 540 కోట్లిచ్చిందన్నారు, రోడ్లు తవ్వారు, ఎక్కడి గుంత అక్కడ వదిలేశారు. 2018 మార్చిలో ఆనందపేట వైపు తాగే నీళ్లలో మురుగు కలిసింది. వాంతులు, విరేచనాలతో జనం ప్రభుత్వ పెద్దాసుపత్రి జీజీహెచ్‌కి పరుగెత్తారు, ప్రాణాలు పోయాయి. అప్పుడు ఆ వీధికి కార్పొరేటరు లేడు. పైపు లీకవుతోందని అంతకు ముందు ఎవరికి చెప్పుకోవాలి? కలెక్టరాఫీసు గేటు దగ్గర సోమవారం అర్జీల వరసలో నిలబడాలి.

తమరు నిండుగా ఉన్న రోజుల్లోనే, 2024 ఫిబ్రవరిలో, నగరంలో మళ్లీ అతిసారం వచ్చింది. కాబట్టి తమ మీద ఎవరో ఒకరు కూర్చుంటే నీళ్లు వాటంతటవే శుభ్రపడతాయని మాకు భ్రమ లేదు. రెండుసార్లకూ తేడా ఒక్కటే. రెండోసారి తిట్టడానికి మనిషి దొరికాడు. ఇదేమంత తక్కువ సౌకర్యం కాదండీ. కార్పొరేటరు ఫోను ఎత్తకపోవచ్చు, కానీ వాళ్లింటి గుమ్మం ఎక్కడుందో వీధిలో అందరికీ తెలుసు. పొద్దున్నే పాల ప్యాకెట్టు కోసం తలుపు తీసినప్పుడు పట్టుకోవచ్చు. కలెక్టరు గారి పాలు ఎవరు తెస్తారో మాకేం తెలుసు?

2021 మార్చి 10న ఆ సౌకర్యం కోసమే బ్యాలెట్ పేపరు మీద ముద్ర గుద్ది వచ్చాం. 57 డివిజన్లలో 44 వైసీపీకి వచ్చాయి. తమకు సరికొత్త మెత్తలు వేశారు, దండలు పడ్డాయి. ఆ తర్వాత తెలిసింది తమ అసలు హోదా. తమరు ఉత్సవ విగ్రహం, మూలవిరాట్టు వెలగపూడి సచివాలయంలో. ఆస్తి విలువను బట్టి ఇంటి పన్ను వేయాలన్న చట్టం మా ఓట్లకు ముందే, 2020లోనే సిద్ధమై కూర్చుంది. చెత్తకు పన్ను వేయమని పైనుంచి చెబితే వేశారు, ప్రభుత్వం మారాక 2024 డిసెంబరు 31తో పైనుంచే తీసేశారు. మా ఇంటి చెత్త మీద కూడా తమకు సొంత అభిప్రాయం లేదని అప్పుడు అర్థమైంది. పన్నెండో షెడ్యూలులో మున్సిపాలిటీలకు 18 పనులు రాసిచ్చారుట. ఆ కాగితం ఏ బీరువాలో ఉందో వెతికించండి. తాళం కమిషనరు గారి దగ్గర ఉంటుంది, కమిషనరు గారి బదిలీ మళ్లీ వెలగపూడి దగ్గర ఉంటుంది.

2024లో అసెంబ్లీకి ఓటేశాం. అది అసెంబ్లీకని మేం అనుకున్నాం. తమకూ అదే ఓటని కార్పొరేటర్లు గ్రహించారు. మేయరు మీద అవిశ్వాసానికి నాలుగేళ్లు నిండాలన్న నిబంధన వల్ల ఆగారు గానీ, మనసులు ఎప్పుడో కదిలాయి. మార్చిలో ఆ నాలుగేళ్లు నిండే వేళకు మేయరు గారే రాజీనామా ఇచ్చారు. 2025 ఏప్రిల్‌లో తమ మీద తెలుగుదేశం మేయరు కూర్చున్నారు. 57 డివిజన్లలో తొమ్మిదే గెలిచిన పార్టీ! మధ్యలో మా వేలికి సిరా చుక్క కూడా అంటలేదు. ఒకసారి వేసిన ఓటుతో రెండు పార్టీలను గెలిపించిన మా పొదుపును ఏ ఆర్థిక శాస్త్రవేత్తా ఇంకా గుర్తించలేదు. వాళ్లను అని లాభం లేదులెండి. వార్డుకు నిధులు కావాలంటే అధికారంలో ఉన్న వైపు నిలబడాలని ఏ పార్టీ కార్పొరేటరైనా చెబుతాడు, అబద్ధం కూడా కాదు.

2021 మార్చి నుంచి లెక్కేస్తే 2026 మార్చి 17తో అయిదేళ్లు. ఆ తర్వాత తమరు ఎంతకాలం సెలవులో ఉండాలన్నది ఎన్నడూ తమ చేతిలో లేదు. ఖాళీగా ఉన్నప్పుడు మాత్రం ఛాంబరు తలుపులు మూయించకండి. మా వాళ్లు అప్పుడప్పుడూ వచ్చి, తమ ఎదుట నిలబడి నాలుగు మాటలు అరిచి వెళ్తారు. సమాధానం చెప్పనక్కర్లేదు. అలవాటే.

ఇట్లు,
ఇంటి పన్ను బకాయి లేని ఒక ఓటరు,
బ్రాడీపేట.

నకలు: స్పెషల్ ఆఫీసరు గారి కుర్చీకి. రెండూ ఒకటే కుర్చీ అయితే ఈ నకలు చించేయవచ్చు.