తానా అంటే తందానా: బ్యాకప్ సిస్టమ్ గారికి ఒక లేఖ

మహారాజశ్రీ బ్యాకప్ సిస్టమ్ గారికి,

బెజవాడ నుంచి ఒక విమాన ప్రయాణికుడు నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి. ఇక్కడ ఎండలు, ఉక్కపోత, బెంజి సర్కిల్ ట్రాఫిక్ అన్నీ యథావిధిగా ఉన్నాయి. అక్కడ సర్వర్ రూములో, చల్లటి ఏసీలో తమరు క్షేమమని తలుస్తాను. తమరికి వేరే పనేమీ ఉండదు కాబట్టి తీరిగ్గా చదువుకోగలరు.

ఎయిర్ ట్రాఫిక్ వ్యవస్థను ఆధునికం చేస్తామని వచ్చే ఏ కంపెనీ ప్రెజెంటేషన్ చూసినా అందులో తమరి బొమ్మ ఉండి తీరుతుంది. ఎడమపక్క ఒక పెట్టె, కుడిపక్క అచ్చం అలాంటిదే ఇంకో పెట్టె, మధ్యలో బాణం గుర్తు. మొదటిది పడితే రెండోది అందుకుంటుందని చెబుతారు. అధికారులు తలాడిస్తారు. బిల్లు రెండు పెట్టెలకూ పడుతుంది.

ఇంత గౌరవం అందుకున్న తమరు 2023 ఆగస్టు 28న బ్రిటన్‌లో ఏం చేశారో కాస్త గుర్తు చేస్తాను. లాస్ ఏంజిలెస్ నుంచి పారిస్‌లోని ఓర్లీ ఎయిర్‌పోర్టుకి వెళ్లే ఒక విమానం ప్లాన్, అంటే అది ఏ దారిన వెళ్తుందో చెప్పే వివరాలు, వచ్చింది. వచ్చిన ప్లాన్లో బ్రిటన్ గగనతలానికి సంబంధించిన ముక్కను విడదీసి కంట్రోలర్లకు పంపడం అక్కడి సాఫ్ట్‌వేర్ పని. విమానం ఎక్కడ లోపలికొస్తుందో దొరికింది. ఎక్కడ బయటికెళ్తుందో వెతకబోతే దారిలో ఒక చోటును సూచించే డీవీఎల్ అనే గుర్తు తగిలింది. ఫ్రాన్స్‌లోని డోవిల్‌కి ఆ గుర్తే, అమెరికాలో నార్త్ డకోటాలోని డెవిల్స్ లేక్‌కీ ఆ గుర్తే. రెంటి మధ్య దూరం దాదాపు 4,000 నాటికల్ మైళ్లు. సాఫ్ట్‌వేర్ అమెరికాదాన్ని పట్టుకుంది. అంటే బ్రిటన్‌లోకి రాకముందే బ్రిటన్ దాటి వెళ్లిపోయిన విమానమన్నమాట! తికమక పడింది, ఆగిపోయింది.

అక్కడిదాకా నాకు ఫిర్యాదు లేదు. కంట్రోలర్ ముందు తప్పు సమాచారం పెట్టడం కంటే నోరు మూసుకోవడమే మేలు. దాన్ని అలాగే తయారు చేశారు కూడా. నా బాధల్లా తమరితోనే. మొదటి పెట్టె ఆగగానే అదే ప్లాన్ తమరి చేతికొచ్చింది. తమరూ అదే చదివారు, అదే డెవిల్స్ లేక్‌లో పడ్డారు. ప్లాన్ అందిన దగ్గర్నుంచి ఇద్దరూ మూతపడడానికి 20 సెకన్లు కూడా పట్టలేదు. అన్నగారు తానా అంటే తమరు తందానా!

మా బెజవాడ బస్టాండులో ఏ కండక్టర్‌నైనా గన్నవరం టికెట్ అడిగి చూడండి. ఎయిర్‌పోర్టు ఉన్న గన్నవరమా, కోనసీమ పి.గన్నవరమా అని డౌట్ వస్తే అడుగుతాడు. అసలు అడగక్కర్లేదు కూడా. రావులపాలెం వైపు వెళ్లే బస్సులో, కొబ్బరి మొక్కలు ఒళ్లో పెట్టుకుని కూర్చున్నవాణ్ణి చూస్తే ఏ గన్నవరమో ఆయనకే తెలిసిపోతుంది. ఒకవేళ ఆయన పొరపాటున ఎయిర్‌పోర్టు ఉన్న గన్నవరానికి టికెట్ కొట్టాడే అనుకోండి, వెనక సీటులో పెద్దావిడ “అది కాదు బాబూ” అని వెంటనే అందుకుంటుంది. ఆమెకు ఏ కంపెనీ ట్రైనింగూ ఇవ్వలేదు.

ఆ తర్వాత జరిగింది ఇంకా బాగుంటుంది. ఆ రోజు అక్కడ సెలవు. డ్యూటీలో ఉన్న సీనియర్ ఇంజినీరు ఇంటి దగ్గరున్నాడు. దూరం నుంచి లాగిన్ కుదరక బయల్దేరి ఆఫీసుకు రావలసి వచ్చింది. ఆ సాఫ్ట్‌వేర్ తయారు చేసిన కంపెనీ, ఫ్రీక్వెంటిస్ గ్రూపులోని కామ్‌సాఫ్ట్. దాని లోగుట్టు తెలిసినవాళ్లు వాళ్లే. వాళ్లను సాయం అడగడానికి నాలుగు గంటలకు పైగా పట్టింది! స్పెషలిస్టు కంపెనీని ఏరికోరి పెట్టుకుని, ఒంట్లో బాగోలేనప్పుడు మాత్రం ఫోన్ చేయకపోవడం దేనికో. ఈలోగా గంటకు 400 ప్లాన్ల దాకా చూడగలిగే చోట చేత్తో ఎక్కిస్తే 60 అయ్యాయి. ఏడు లక్షల మందికి పైగా ప్రయాణికులు ఇబ్బంది పడ్డారు. కోటిన్నర ప్లాన్లలో ఒక్కసారి వచ్చే సమస్య అని పెద్దలు సెలవిచ్చారు. ఆ ఒక్కసారి కోసమే కదండీ తమర్ని జీతమిచ్చి కూర్చోబెట్టింది.

తమరి కుటుంబం అమెరికాలోనూ పేరు తెచ్చుకుంది. అదే ఏడాది జనవరి 11న దేశమంతా బయల్దేరే విమానాలను ఆపేశారు. పైలట్లకు హెచ్చరికలు పంపే వ్యవస్థలో అసలు డేటాబేస్‌నూ బ్యాకప్‌నూ సరిచూస్తూ కాంట్రాక్టు సిబ్బంది పొరపాటున ఫైళ్లు చెరిపేశారు. కాపలాకు పెట్టినవాణ్ణి పలకరించబోయి ఇంటి తాళం పోగొట్టుకున్నట్టుంది వ్యవహారం.

మన దగ్గరా తక్కువేం లేదు. 2025 నవంబర్ మొదటి వారంలో ఢిల్లీలో ప్లాన్లను కంట్రోలర్లకు చేరవేసే ఏఎంఎస్ఎస్ అనే మెసేజ్ వ్యవస్థ మొరాయించింది. 800కు పైగా విమానాలు ఆలస్యమయ్యాయి. ప్లాన్లన్నీ కంట్రోలర్లు కూర్చుని చేత్తో చూసుకున్నారు. ఆ రోజు బ్యాకప్ వాళ్లే. ఇలాంటప్పుడు గన్నవరం లాంజ్‌లో కూర్చున్న పెద్దాయనకు పరిస్థితి ఎలా అర్థమవుతుంది? అద్దంలోంచి బయటికి చూస్తాడు. ఎండ ఫెళ్లున కాస్తుంటుంది. “మబ్బు కూడా లేదు కదమ్మా, లేటెందుకు?” అంటాడు. కౌంటర్‌లో అమ్మాయి “ఆపరేషనల్ రీజన్స్ అంకుల్” అంటుంది. ఆయన పులిహోర డబ్బా మూత తీస్తాడు. ఇంకేం చేస్తాడు పాపం.

తమరిలో అందరూ ఒకేలా ఉన్నారని నేననను. 2025 జులై 30న బ్రిటన్‌లోనే రాడార్ ఇబ్బంది వస్తే, తమరి బంధువొకరు లేచి పని అందుకున్నారు. ఇరవై నిమిషాల్లో సద్దుమణిగింది. డిస్క్ కాలిపోయినా, కరెంటు పోయినా తమరు బంగారం. కానీ తప్పు బుర్రలోనే ఉంటే, ఆ బుర్రకే జిరాక్స్ తీసి పక్కన పెట్టుకోవడం దేనికి? ఈ ముక్క కంపెనీలకు తెలియదనుకోను. వేరే టీముతో, వేరే పద్ధతిలో రెండోది రాయించాలంటే ఖర్చు. జిరాక్స్ చవక.

అందుకని ఒక చిన్న మనవి. ఇకమీదట ఏ టెండర్ ఫారంలోనైనా తమరి పేరు రాసేటప్పుడు పక్కనే ఒక గడి గీయించండి: “మొదటిది ఏ కారణంతో పడితే ఇది పడదు?” జవాబుకు మూడు లైన్లు వదలమనండి. సరఫరా చేసే కంపెనీ ఫోన్ నంబరు కూడా అక్కడే రాయించి, ఆదివారాలూ సెలవు రోజుల్లో కూడా ఎత్తేవాళ్లెవరో కనుక్కోమనండి.

ఇట్లు,
బెజవాడ నుంచి ఒక ప్రయాణికుడు