ఎక్సోసోముల సీసా మీద ఏ అంకె రాయాలి?

మూలకణాలను ఎక్కిస్తే అవి దెబ్బతిన్న చోటికి చేరి, కొత్త కండరంగానో ఎముకగానో మారి లోటు పూడుస్తాయని చాలాకాలం అనుకున్నారు. ఎముక మజ్జ మార్పిడిలో అది నిజమే. దాత కణాలు మజ్జలో స్థిరపడి ఏళ్ల తరబడి రక్తాన్ని తయారుచేస్తాయి. మజ్జ, కొవ్వు వంటి చోట్ల దొరికే, ఎముకగా, కొవ్వుగా మారగల మీసెంకైమల్ మూలకణాల సంగతి వేరు. నరం ద్వారా ఎక్కించినవాటిలో చాలా భాగం ఊపిరితిత్తుల్లోనే చిక్కుకుని కొద్ది రోజుల్లో కనుమరుగవుతాయి. అయినా ప్రయోగశాల జంతువుల్లో వాపు తగ్గింది, గాయపడిన గుండె కొంత కోలుకుంది. కణమే మిగలనప్పుడు ఆ మేలు ఎక్కడిది?

అవి విడుదల చేసే పదార్థాలదని క్రమంగా తేలింది. 1991లో ‘మీసెంకైమల్ మూలకణం’ అన్న పేరును వాడుకలోకి తెచ్చిన శాస్త్రవేత్త ఆర్నాల్డ్ కాప్లానే, వాటి మేలు ఆ పదార్థాలదే కనుక ‘మూలకణం’ అన్న పేరు మార్చాలని 2017లో రాశారు. ఈ రంగం మీద నాకున్న నమ్మకానికి ఆ నిజాయితీ ఒక పెద్ద కారణం.

ఆ పదార్థాల్లో ఎక్సోసోములు ఒకటి. సుమారు 30 నుంచి 150 నానోమీటర్ల కొవ్వుపొర సంచులివి. 1983లో వీటిని మొదట గమనించినప్పుడు, ఎదుగుతున్న ఎర్రరక్తకణం తనకు అక్కరలేని ప్రోటీన్లను వదిలించుకునే మార్గమనుకున్నారు. ఈ సంచుల్లోని ఆర్‌ఎన్‌ఏ (జన్యు సూచనలను మోసే అణువు) మరో కణంలోకి చేరి అక్కడ పనిచేస్తుందని 2007లో స్వీడన్ పరిశోధకులు చూపారు. చెత్తబుట్ట అనుకున్నది ఉత్తరాల సంచి అయింది!

ఎక్సోసోము విభజన చెందదు కనుక తానే కణితిగా పెరిగే భయం లేదు. గడ్డకట్టించి నిల్వ చేయవచ్చు. చిక్కంతా మోతాదు దగ్గరే. దాత మారినా, కణాలను పెంచిన ద్రవం మారినా, ఆక్సిజన్ తగ్గినా సంచిలోని సరుకు మారుతుంది. మోతాదును సంచుల సంఖ్యతో చెప్పాలా, ప్రోటీన్ బరువుతోనా? కాంతి చెదిరే తీరును బట్టి లెక్కపెట్టే యంత్రం ఎక్సోసోమునూ అదే సైజులోని ఇతర రేణువునూ ఒకటిగానే లెక్కిస్తుంది.

ఈ లెక్క తేలకముందే అమ్మకాలు మొదలయ్యాయి. అమెరికాలోని నెబ్రాస్కా రాష్ట్రంలో ఎక్సోసోము చికిత్స పొందినవారికి తీవ్ర దుష్పరిణామాలు కలగడంతో 2019 డిసెంబరులో ఆ దేశ ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ హెచ్చరిక జారీచేసింది. ఆమోదం పొందిన ఎక్సోసోము ఉత్పత్తి ఒక్కటీ లేదని అందులోనే చెప్పింది. అదే సంస్థ పిల్లల్లో మజ్జ మార్పిడి తర్వాత వచ్చే ఒక తీవ్ర సమస్యకు తయారైన మీసెంకైమల్ కణాల మందును 2020లోనూ, 2023లోనూ వెనక్కి పంపి, 2024 డిసెంబరులోగానీ అనుమతించలేదు. మందు బలాన్ని నమ్మకంగా కొలిచే పరీక్ష ఏదన్నది ఆ జాప్యంలో ఒక ప్రధాన ప్రశ్న. ముడతలకూ మోకాళ్లకూ ఎక్సోసోములు అమ్ముతున్నవారిని ముందుగా అడగవలసిందీ అదే.