పెద్ద కొర్రమట్ట గాలానికి పడినప్పుడు

ఏటా వానలు పడి చెరువుల్లోకి కొత్తనీరు రాగానే వరంగల్, ములుగు, కరీంనగర్, పెద్దపల్లి వైపు గాలం వేసేవాళ్ల వాట్సాప్ గ్రూపుల నిండా ఒకే రకం ఫొటోలు కనిపిస్తాయి. చేయంత పొడవున్న కొర్రమట్ట (కొర్రమీను), దాని దవడలోకి దూర్చిన వేళ్లు, వెనక చెరువు కట్ట. ఆ ఫొటో కింద గంటలోపే రెండు వర్గాలు తయారవుతాయి. అంత పెద్ద చేపను ఎందుకు చంపావు, వదిలేయాల్సింది కదా అని కొందరంటారు. చేపను పట్టేదే తినడానికి, నీతులు మాకు చెప్పకండి అని మిగతావాళ్లంటారు. ఈ వాదనను ఏళ్లుగా చదువుతున్నాను, ఇంతకాలం మాట్లాడలేదు. నా అభిప్రాయం ఏమిటంటే, అది ఏ చేప, ఏ నీళ్లలోది, ఆ నీళ్ల మీద ఎవరు బతుకుతున్నారు, ఇది ఏ కార్తె అన్న సంగతులు తెలుసుకున్న మనిషి, పెద్ద చేప పడితే ఏం చేయాలో గాలం నీళ్లలో వేయకముందే తేల్చుకుని ఉండాలి. ఫొటో దిగి, కామెంట్లు చదివి, ఆ తర్వాత తేల్చుకునే విషయం కాదిది.

ముందుగా కొర్రమట్ట గురించే మాట్లాడతాను, ఎందుకంటే మన దగ్గర ఎక్కువ అన్యాయం జరుగుతున్నది దానికే. తెలంగాణ 2016లో కొర్రమీనును రాష్ట్ర చేపగా ప్రకటించుకుంది. అది మన చెరువుల్లోనే పుట్టి, అక్కడే పెరిగి, అక్కడే పిల్లల్ని కంటుంది. ఆడ, మగ కలిసి ఒడ్డు దగ్గర నాచు, గడ్డి మధ్య కొంత చోటు శుభ్రం చేసుకుంటాయి. గుడ్లు నీటిపైన తేలుతాయి. ఒకటి రెండు రోజుల్లో పిల్లలు బయటికి వస్తాయి. ఎర్రటి, నారింజ రంగు పిల్లలు గుంపుగా నీటిపైన బుడబుడమంటూ తిరుగుతుంటే, వాటి కింద తల్లీతండ్రీ వారాల తరబడి కాపలా కాస్తాయి. పల్లెల్లో పుట్టిన ప్రతి ఒక్కరూ చిన్నప్పుడు ఈ దృశ్యాన్ని చూసే ఉంటారు.

ఇప్పుడు మనవాళ్లు చేస్తున్న పని ఏమిటంటే, ఆ పిల్లల గుంపును వెతికి పట్టుకుని, ఎరగా కట్టిన రబ్బరు కప్పను సరిగ్గా దాని మధ్యలోకి విసరడం. ఆ సమయంలో పెద్ద చేప ఆకలితో ఎరను పట్టుకోదు. తన పిల్లల మీదికి ఏదో వచ్చిందన్న కోపంతో, భయంతో మీదపడుతుంది. అందుకే తప్పకుండా పడుతుంది, పడినదల్లా పెద్దదే అవుతుంది, అందుకే గ్రూపుల్లో కనిపించే పెద్ద కొర్రమట్టల్లో చాలావరకు ఇలా పట్టినవే. దీన్ని నైపుణ్యం అని పొగిడే కామెంట్లు చదివితే నాకు నిజంగా బాధ కలుగుతుంది. తల్లి పైకి వచ్చిన కొద్దిసేపట్లోనే ఆ పిల్లల మీదికి ఇతర చేపలు, నీటికాకులు, కొంగలు చేరతాయి. ఇరవై నిమిషాల పాటు ఫొటోలు, వీడియోలు తీసుకుని ఆ తర్వాత తల్లిని వదిలేశామని గొప్పగా చెప్పుకునేవాళ్లు ఒక విషయం ఆలోచించాలి: ఆ తల్లి తిరిగి వెళ్లేసరికి దానికి కాపాడుకోవడానికి ఏం మిగిలి ఉంటుంది? ఇక్కడ వదలడం, ఉంచుకోవడం అన్న చర్చకే అర్థం లేదు, ఎందుకంటే తప్పు గాలం విసిరినప్పుడే జరిగిపోయింది. కెనడాలోని ఒంటారియో రాష్ట్రంలో బాస్ అనే చేప కూడా ఇలాగే గూడు కట్టి కాపలా కాస్తుంది కాబట్టి, అక్కడ చాలా ప్రాంతాల్లో జూన్ మూడో వారం దాకా దాన్ని పట్టడానికి అనుమతి ఉండదు. మన రాష్ట్ర చేపకు మనం కనీసం ఆ మర్యాదైనా ఇవ్వాలి.

పిల్లలు లేని సమయంలో, ఎండాకాలానికి ముందో చలికాలంలోనో పెద్ద కొర్రమట్ట పడితే వదలాలని నేను గట్టిగా నమ్ముతాను. దీనికి కారణం జాలి ఒక్కటే కాదు. ఆడ చేప పెరిగేకొద్దీ దాని గుడ్ల సంఖ్య బరువును మించిన లెక్కలో పెరుగుతుందని 342 జాతుల సముద్ర చేపలను పరిశీలించిన ఒక అధ్యయనం 2018లో సైన్స్ పత్రికలో వచ్చింది. కాడ్ అనే సముద్రపు చేపలో 30 కిలోల ఒక్క తల్లి పెట్టే గుడ్లు, రెండేసి కిలోలున్న 28 తల్లులు పెట్టే గుడ్లతో సమానమని అందులో ఉంది. అది సముద్రపు లెక్క. మన చెరువు చేపకు అదే అంకె వర్తిస్తుందని నేను అనను. కానీ పెద్ద తల్లి విలువ మామూలు తూకంతో తేలేది కాదన్న మాట మనకూ వర్తిస్తుంది. కాబట్టి కూరకు కావాలంటే కిలో లోపు చేపను ఉంచుకోండి, మూడు నాలుగు కిలోల తల్లిని వదిలేయండి. మనం చేస్తున్నది దీనికి సరిగ్గా వ్యతిరేకం. చిన్నది పడితే ఇదేం సరిపోతుందని వదిలేస్తాం, పెద్దది పడితే చుట్టాలందరికీ కబురు పెడతాం.

వాలుగ విషయంలో ఇంకా జాగ్రత్త అవసరం. గోదావరిలో, మానేరులో ఒకప్పుడు మనిషంత వాలుగల గురించి పెద్దలు చెప్పేవారు. ఇవాళ ఆ చేప అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సమాఖ్య జాబితాలో ముప్పు ఎదుర్కొంటున్న జాతుల మధ్య ఉంది. ఏటూరునాగారం, కాళేశ్వరం వైపు గాలానికి పెద్ద వాలుగ పడితే, దాన్ని ఉంచుకోవడానికి సరిపోయే కారణం నాకు ఒక్కటీ కనిపించదు.

అయితే వదిలేయాలనే వర్గం ఎప్పుడూ చెప్పని సంగతి ఒకటుంది. ప్రతి పెద్ద చేపకూ ఇదే న్యాయం వర్తించదు. బొచ్చె, రవ్వు, మృగాల నిలవ నీళ్లలో పిల్లల్ని పెట్టవు. వాటికి వాననీటి వరదతో పారే నది కావాలి. ఆ కారణం చేతనే 1957లో ఒడిశాలో శాస్త్రవేత్త హీరాలాల్ చౌధురి సూదిమందుతో వాటి చేత గుడ్లు పెట్టించిన రోజు, జూలై 10, ఇవాళ జాతీయ చేపల రైతుల దినోత్సవమైంది. మన చెరువుల్లో ఉన్న బొచ్చె దాదాపుగా ఎవరో పోసిన పిల్ల పెరిగినదే. 2016-17 నుంచి ప్రభుత్వం ఉచితంగా చేపపిల్లలను పోయిస్తోంది. అంతకుముందు మత్స్య సహకార సంఘాలు సొంత డబ్బుతో పోసుకునేవి. అలాంటి చెరువులో పన్నెండు కిలోల బొచ్చెను పట్టి, ప్రకృతిని కాపాడానని వదిలేస్తే అది వచ్చే ఎండాకాలం నీళ్లు తగ్గాక సంఘం వలలో పడుతుంది. పడాలి కూడా, అది వాళ్లదే. ఆ చెరువు మీద హక్కు మత్స్య సహకార సంఘానిది, అంటే ముదిరాజ్‌, గంగపుత్ర కుటుంబాలది. అక్కడ బొచ్చెను వదలడమంటే సంఘానికి వాళ్ల సొత్తు తిరిగి ఇవ్వడం, అంతే. ఉంచుకోవాలనుకుంటే సంఘాన్ని అడిగి, కిలోకు ఇంత అని డబ్బు కట్టి ఉంచుకోవాలి. అడగకుండా ఇంటికి తీసుకుపోయేవాడిది క్రీడ అనిపించుకోదు. ఈ మాట వినగానే గ్రూపుల్లో చాలామందికి కోపం వస్తుంది, నాకు తెలుసు, అయినా చెప్పక తప్పదు.

ధర్మసాగర్ వైపు ఒక చెరువు కట్ట మీద సంఘంలోని ఒక పెద్దమనిషితో ఈ విషయమే మాట్లాడాను. చేపను పట్టి వదిలేస్తే మీకు నష్టం లేదు కదా కాకా అని అడిగితే ఆయన అన్న మాటలు ఇవి: "బిడ్డా, తినెతందుకు పట్టు, అమ్మెతందుకు పట్టు, నేను వద్దన. ఆడుకునెతందుకు పట్టకు. అది గూడ పానమే గద." పట్టి వదిలేసేవాళ్లందరూ ఎదుర్కోవలసిన అసలైన ప్రశ్న ఇదే. దీన్ని వెనుకబాటుతనమని కొట్టిపారేసే చదువుకున్న మిత్రులకు చెప్పవలసింది ఏమిటంటే, జర్మనీలో జంతు సంరక్షణ చట్టం ప్రకారం సరైన కారణం లేకుండా ప్రాణికి బాధ కలిగించడం నేరం కాబట్టి, వదిలేయడానికే చేపలు పట్టడాన్ని అక్కడ తప్పుగా చూస్తారు. స్విట్జర్లాండ్‌లోనూ వదిలేసే ఉద్దేశంతో చేపలు పట్టడానికి వీల్లేదు. 2003లో శాస్త్రవేత్త లిన్ స్నెడన్ బృందం ట్రౌట్ చేపల నోటి చుట్టూ బాధను పసిగట్టే నాడులు ఉన్నాయని చూపించింది. మన కట్ట మీది కాకా ఆ పరిశోధన చదవలేదు, ఆయనకు ఆ అవసరమూ లేదు.

ఆయన మాటకు నా దగ్గర పూర్తి సమాధానం లేదు, కానీ ఒక పాక్షిక సమాధానం ఉంది. కర్ణాటకలో కావేరి మహసీర్ అనే పెద్ద నది చేప కథ అది. 1946లో కావేరి ఉపనది కబినిలో పట్టిన 120 పౌండ్ల మహసీర్, అంటే సుమారు 54 కిలోలది, గాలంతో పట్టిన వాటిలో రికార్డుగా నిలిచింది. ఆ కాలంలో పెద్ద చేప అంటే చంపి, తోలు నింపి గోడకు తగిలించేదే. తర్వాతి తరంలో కావేరి మీద గాలం శిబిరాలు నడిపినవాళ్లు పట్టిన ప్రతి మహసీర్‌నూ వదిలేశారు, వదిలిన ప్రతిదాని బరువూ తేదీ రాసిపెట్టారు. గాలిబోర్ శిబిరం లెక్కలను శాస్త్రవేత్తలు పరిశీలించినప్పుడే మూపురం ఉన్న అసలు కావేరి మహసీర్ ఎంత వేగంగా కనుమరుగవుతోందో, బయటి నుంచి తెచ్చి పోసిన మరో మహసీర్ దాని చోటును ఎలా ఆక్రమించిందో తేలింది. 2018లో ఆ చేపకు సరైన శాస్త్రీయ నామం స్థిరపడింది, అదే ఏడాది అది అత్యంత ప్రమాదంలో ఉన్న జాతుల జాబితాలో చేరింది. గాలం వేసేవాళ్లు పెట్టిన బాధకు బదులుగా నదికి దక్కింది ఆ లెక్కల పుస్తకమే. మన గ్రూపుల్లో ఎవరైనా ఏ చెరువులో, ఏ నెలలో, ఎంత పొడవు చేపను వదిలారో రాసిపెడుతున్నారా? ఫొటోలు వేలల్లో ఉన్నాయి, లెక్క ఒక్కటి లేదు.

ఇక ఫొటో గురించి. కొర్రమట్ట గాలి పీల్చగలదు, అంగట్లో తొట్టిలో గంటల తరబడి బతికి ఉంటుంది, కాబట్టి ఎంతసేపు బయట ఉంచినా దానికేమీ కాదని చాలామంది అనుకుంటారు. ఊపిరి ఆగదు, నిజమే. కానీ ఎండకు కాలిన కట్ట రాళ్ల మీద దొర్లించినప్పుడు, పొడి చేతులతో నొక్కి పట్టినప్పుడు దాని ఒంటి మీది జిగురు పోతుంది, పొలుసులు ఊడతాయి, అక్కడ పుండు పడుతుంది. బొచ్చెకు ఆ ఊపిరి బలమూ లేదు. మే నెలలో వేడెక్కిన, ప్రాణవాయువు తగ్గిన నీళ్లలో ఎక్కువసేపు లాగి అలసిపోయిన పెద్ద బొచ్చెను రెండు నిమిషాలు గాలిలో ఎత్తి పట్టుకుని వదిలితే, అది ఈదుకుంటూ పోయినట్టే కనిపించి మరుసటి రోజు వెల్లకిలా తేలే అవకాశం చాలా ఎక్కువ. అలా చేసేకంటే దాన్ని వెంటనే చంపి, సంఘానికి డబ్బు కట్టి, నలుగురికి వండిపెట్టడం చాలా గౌరవప్రదమైన పని. వదలదలచుకున్నవాళ్లు కొక్కెం మీది వెనక ముల్లును పట్టకారుతో ముందే నొక్కేసుకోవాలి, చేతులు తడుపుకోవాలి, పొట్ట కింద రెండు చేతులు పెట్టి నీళ్లకు ఆనుకునే పట్టుకోవాలి, దవడకు వేలాడదీయకూడదు. కొలవాలనుకుంటే టేపుతో పొడవు కొలవండి; అంతర్జాతీయ గేమ్ ఫిష్ సంఘం కూడా ఇప్పుడు పొడవు కొలిచి వదిలేసిన చేపకు రికార్డు ఇస్తోంది.

వదలకూడని చేపలూ ఉన్నాయి. 2000లోనే కేంద్రం నిషేధించిన ఆఫ్రికా క్యాట్‌ఫిష్‌ను మన నాటు మార్పు చేప అనుకుని, అక్వేరియం నుంచి చెరువుల్లోకి చేరిన దెయ్యం చేపను పాపం అనుకుని తిరిగి నీళ్లలో వేయడం దయ కాదు. అవి ఎంత పెద్దవైనా గట్టు మీదే ఉండాలి. జిలేబీ చేపను వదలవలసిన అవసరం కూడా ఎవరికీ లేదు, కడుపునిండా తినండి.

మత్తడి దుంకేటప్పుడు ఎదురెక్కే చేపల గురించి వేరే పోస్టు రాయాలి, ఎందుకంటే అక్కడ గాలం కంటే దోమతెరలు, కర్రలు చేసే నష్టమే పెద్దది. కానీ రాడ్డు, రీలు పట్టుకుని అక్కడ నిలబడే మనవాళ్లకు మాత్రం ఇప్పుడే చెబుతున్నాను: గుడ్లతో నిండిన పొట్టతో నీటికి ఎదురు ఈదుతున్న చేపను ఆ సమయంలో పట్టడంలో ఏ గెలుపూ లేదు.

నేను ఉన్న రెండు గ్రూపుల అడ్మిన్లను ఈ వారమే అడిగాను. జూన్ నుంచి సెప్టెంబర్ దాకా కొర్రమట్ట ఫొటోలు ఎవరు పెట్టినా తీసేయాలి. పిల్లల గుంపు మీద రబ్బరు కప్ప విసిరే వీడియో పెట్టినవాళ్లను గ్రూపు నుంచి తీసేయాలి. వదిలిన ప్రతి చేపకు చెరువు పేరు, తేదీ, పొడవు రాసే ఒక షీట్ మొదలుపెట్టాలి. సంఘం ఉన్న చెరువులో పట్టిన చేప ఫొటో పెడితే సంఘం అనుమతి ఉందో లేదో కింద రాయాలి. ఒక అడ్మిన్ షీట్ వరకు ఒప్పుకున్నారు, మిగతావి సభ్యులను అడిగి చెబుతామన్నారు. ఆ సభ్యుల్లో చాలామంది ఇక్కడ కూడా నా స్నేహితులే కాబట్టి, మీ సమాధానం ఈ పోస్టు కిందే రాయండి.