ఫాల్స్ సీలింగుకు అద్దె ఎవరు కడుతున్నారు?

హైదరాబాద్‌లో ఉద్యోగం చేసే మనవాళ్లు పండక్కి విజయనగరం వస్తే ఒక మాట అనకుండా వెళ్లరు: "మీకేటర్రా, ఇక్కడ అద్దెలు చవక." గచ్చిబౌలి, కొండాపూర్ వైపు రెండు పడగ్గదుల ఫ్లాటుకు 30 వేలు దాటి కడుతున్నవాళ్లకు, బాలాజీనగర్‌లోనో ప్రదీప్‌నగర్‌లోనో అలాంటిదే 12 వేలంటే చవగ్గానే కనిపిస్తుంది. లెక్క తప్పేం కాదు. కాకపోతే అది వాళ్ల జీతంతో వేసుకున్న లెక్క.

ఊళ్లో ప్రైవేటు స్కూలు టీచరుకు నెలకు 15 వేలు చేతికొస్తే గొప్ప. బట్టల షాపు సేల్స్‌మన్‌కి, డయాగ్నొస్టిక్ సెంటర్ కౌంటర్లో కూర్చునే అమ్మాయికి అంతకూడా రాదు. మొగుడూ పెళ్లాం ఇద్దరూ కలిసి 30 వేలు తెస్తే, 12 వేల ఫ్లాటుకు పోయేది 40 శాతం. మెయింటెనెన్సు, కరెంటు బిల్లు దీనికి అదనం. అక్కడ లక్ష జీతగాడికి 30 వేల అద్దె మూడో వంతు కూడా కాదు. ఏ ఊరు చవకో తేల్చే ముందు జీతం ఏ ఊరిదో అడగాలి.

ఊళ్ల మధ్య అద్దెల తేడాకు ప్రభుత్వం దగ్గర ఒక కొలబద్ద ఉంది. కేంద్ర ఉద్యోగుల ఇంటి అద్దె భత్యం కోసం ఊళ్లను ఎక్స్, వై, జెడ్ అని మూడు తరగతులుగా విడగొట్టారు. 2024 నుంచి హైదరాబాద్ లాంటి ఎక్స్ నగరాల్లో మూలవేతనం మీద 30 శాతం, వై తరగతిలోని విశాఖపట్నంలో 20, మిగతా ఊళ్లన్నీ పడే జెడ్‌లో 10 ఇస్తున్నారు. విజయనగరం, శ్రీకాకుళం జెడ్. 50 వేల మూలవేతనం ఉన్న ఉద్యోగికి హైదరాబాద్‌లో 15 వేలు, విశాఖలో 10 వేలు, ఇక్కడ 5 వేలు. ఇక్కడ ఆ 5 వేలకు దొరికేదల్లా దాసన్నపేట లోపలి సందుల్లో రెండు గదుల వాటా, అదీ ఓనరు పాతకాలపు మనిషైతే. కొత్త ఫ్లాటుల్లో అడిగే అద్దెకూ, విశాఖ శివార్లలో పెందుర్తి వైపు అడిగే అద్దెకూ మధ్య తేడా ఏటేటా తగ్గుతోంది. భత్యం మాత్రం విశాఖలో సగం దగ్గరే ఉంది. 2022లో పీఆర్సీ (వేతన సవరణ) మీద రాష్ట్ర ఉద్యోగులు రోడ్డెక్కినప్పుడు వాళ్ల ప్రధాన గొడవల్లో అద్దె భత్యం కోత ఒకటి. అందులో న్యాయం లేకపోలేదు.

ఇక ఆ కొత్త ఫ్లాటు సంగతి. తలుపు తీయగానే హాలు నిండా జిప్సం ఫాల్స్ సీలింగు, దాని అంచున పసుపు లైట్లు, టీవీ గోడకు చెక్క ప్యానెల్. వంటగదిలో చిమ్నీ, గిన్నెల సైజుకు సొరుగులు. ఫొటోల్లో చూస్తే హైదరాబాద్ కూకట్‌పల్లో, మన ఊరి కంటోన్మెంటో తెలియదు. ఆదివారం పూట భోగాపురం తీరం నుంచి వచ్చిన చేపలు తెచ్చుకున్నాకే అసలు సంగతి బయటపడుతుంది. కడుక్కోడానికి పెరడు లేదు, యుటిలిటీ అని చూపించిన చోట వాషింగ్ మెషీన్ పెడితే పీట వేసుకునే జాగా మిగలదు. పొలుసు వెళ్లి సింకు గొట్టంలో ఇరుక్కుంటుంది. వడియాలు పెడదామంటే టెర్రస్ తాళం అసోసియేషన్ ప్రెసిడెంటు దగ్గర. ఉత్తరాంధ్ర వంటిల్లు ఎలా నడుస్తుందో తెలిసినవాడు గీసిన ప్లాను కాదది.

అయినా ఆ హంగుకు ధర ఉంది. ఉట్టి గోడల ఫ్లాటుకూ వుడ్‌వర్క్ చేసిన ఫ్లాటుకూ నెలకు 3 వేల తేడా అడుగుతున్నారనుకుందాం. ఓనరు పెట్టింది 5 లక్షలైతే, ఏడాదికి 36 వేల చొప్పున తిరిగి రావడానికి దాదాపు 14 ఏళ్లు. మన ఉక్కపోతకు, వాన చెమ్మకు ప్లైవుడ్ అన్నేళ్లు నిలవదు. అద్దెకుండేవాడి వైపు నుంచి చూస్తే మూడేళ్లకు 1 లక్షా 8 వేలు. ఆ డబ్బుతో బీరువాలు, షెల్ఫులు కొనుక్కుంటే ఏ ఇంటికి మారినా వెంట వస్తాయి. ఈ హంగు కలిసొచ్చేది ఒక్క రకం మనుషులకే: మూడేళ్లకోసారి బదిలీ అయ్యే బ్యాంకు మేనేజరుకు, రెండు సూట్‌కేసులతో దిగే డాక్టరుకు. లారీ కిరాయి, విరిగిన అద్దాల ఖర్చు వాళ్లకు మిగులుతాయి. 2023లో ప్రభుత్వ మెడికల్ కాలేజీ మొదలైంది, జేఎన్‌టీయూ ఉంది, గిరిజన విశ్వవిద్యాలయం ఉంది. ఊళ్లో ఫ్యాన్సీ ఫ్లాటుల అద్దెను నిలబెడుతున్నది వీళ్లూ, ఇంటి నుంచే పనిచేసే సాఫ్ట్‌వేర్ పిల్లలూ. స్థానిక జీతాల బలం కాదు.

అలాగని ఓనర్లు దోచుకుంటున్నారనలేం. 60 లక్షల ఫ్లాటుకు 14 వేల అద్దె వస్తే ఏడాదికి 1 లక్షా 68 వేలు, అంటే 2.8 శాతం. బ్యాంకులో డిపాజిట్ చేసినా ఇంతకు రెట్టింపు పైనే వస్తుంది. హౌసింగ్ లోను తీసుకుని కొన్నవాడైతే చేతి నుంచి కట్టుకుంటున్నాడు. స్థలం ధర పెరుగుతుందన్న ఆశ మీద కొన్న ఇల్లది, అద్దె కోసం కాదు. అందుకే బెంగళూరులోనో అమెరికాలోనో ఉన్న కొడుకు పేరున కొన్న ఫ్లాటుకు ఏళ్ల తరబడి తాళం వేసి ఉన్నా ఎవరికీ దిగులుండదు. సాయంత్రం రింగురోడ్డు వైపు వెళ్తూ తల ఎత్తి చూడండి, ఎన్ని బాల్కనీల్లో దీపం లేదో.

ఇంకో విషయం, అద్దె మాటల్లో ఎవరూ ఎత్తనిది. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చి వెళ్లాక జిల్లాలో రోజుల తరబడి కరెంటు లేదు. మోటారు ఆడక పై అంతస్తులకు నీళ్లెక్కలేదు. నుయ్యి ఉన్న పాత పెంకుటింటివాళ్లు చేద వేసి తోడుకుంటుంటే, అపార్టుమెంటువాళ్లు బిందెలు పట్టుకుని వరసలో నిలబడ్డారు. విశాఖలో గాజు గోడల భవనాలు ఎలా మిగిలాయో అందరం చూశాం. అద్దె ఒప్పుకునే ముందు సీలింగు లైట్లు వేసి చూడటం కాదు, జనరేటరు మోటారుకు కూడా ఉందా, కామన్ లైట్లకేనా అని అడగండి.

పెద్ద ఊళ్ల హంగుతో పాటు అక్కడి అలవాట్లూ దిగుతున్నాయి, అక్కడి రక్షణలు మాత్రం రావడం లేదు. బెంగళూరులో పది నెలల అడ్వాన్సు అడగడం పాత ఆనవాయితీ. ముంబైలో అద్దె భారమే అయినా, మహారాష్ట్ర 1999 అద్దె చట్టం ప్రకారం లీవ్ అండ్ లైసెన్స్ అనే అక్కడి అద్దె ఒప్పందం రాతలో ఉండి రిజిస్టరు కావాల్సిందే. కేంద్రం 2021లో ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసానికి రెండు నెలలకు మించి అడ్వాన్సు వద్దంది. మన దగ్గర చాలా ఇళ్లలో ఒప్పందం నోటిమాటే. కాగితం ఉన్నా, రిజిస్ట్రేషన్ తప్పించుకునే 11 నెలల కాగితమే. ఖాళీ చేసేటప్పుడు పెయింటింగ్ పేరుతో ఒక నెల అద్దె కోసుకోవడం మాత్రం ఇక్కడికీ వచ్చేసింది. "మీరెవర్లండి?" అన్న ప్రశ్న ఎప్పుడూ ఉన్నదే. పేరు చెబితే చాలదు, ఎదుటివాళ్లకు కావాల్సింది కులమని అడిగేవాడికీ తెలుసు, చెప్పేవాడికీ తెలుసు. ఎన్ని వేలు కట్టగలిగినా ఆ ప్రశ్న దగ్గరే ఇల్లు లేదనిపించుకునేవాళ్లు ఉన్నారు.

ఇప్పుడు భోగాపురం విమానాశ్రయం పేరు చెప్పి అద్దెలు పెంచుతున్నారు. 2019లో ఒకసారి, 2023లో ఒకసారి శంకుస్థాపన జరిగిన ఆ ప్రాజెక్టు వల్ల ఊరికి వచ్చేది ఎవరు? పైలట్లు విశాఖలో ఉంటారు. విజయనగరంలో గది వెతికేది షిఫ్టుల్లో పనిచేసే సెక్యూరిటీ సిబ్బంది, లోడర్లు, కౌంటర్ ఉద్యోగులు, హోటళ్ల కుర్రాళ్లు. వాళ్లకు కావాల్సింది ఒకే పడగ్గది, కుళాయి నీళ్లు, బస్సు దొరికే చోటు, 6 వేల లోపు అద్దె. కొత్త బిల్డింగుల టులెట్ బోర్డుల్లో ఒకే పడగ్గది అన్నది అరుదు. బిల్డర్లను అడిగితే ఒకటే జవాబు: చిన్నవి అమ్ముడుపోవు. నిజమే, కొనేవాడికి పెద్దదే కావాలి. అద్దెకుండేవాడి కోసం కట్టేవాడే లేడు.

ప్రభుత్వాలు కూడా ఇళ్లంటే పట్టాలు, పట్టణ పేదలకు కట్టే టిడ్కో ఫ్లాటులు, సొంతింటి కల అనే మాట్లాడతాయి. 2024లో మొదలైన కేంద్ర పట్టణ ఇళ్ల పథకం పీఎంఏవై అర్బన్ 2.0లో మాత్రం అందుబాటు అద్దె ఇళ్లకు విడిగా ఒక విభాగం పెట్టారు. విజయనగరం కార్పొరేషన్ దాన్ని వాడుకుని ఆర్టీసీ కాంప్లెక్స్‌కు నడిచి వెళ్లేంత దూరంలో, మోటారుకు జనరేటరు, కింద చేపలు కడుక్కునే గట్టు ఉన్న ఒక బ్లాకు కట్టి అద్దెకివ్వాలి. సీలింగు సున్నం వేసినదైనా ఫరవాలేదు.